పెట్టే చెయ్యి

జూన్ 4, మంగళవారం

బుడంకాయ ఇంటికొచ్చింది. బతికింది. ముందు ఆ ముక్క రాస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు. ముంగాలికి బొచ్చు గొరిగి పట్టీ వేశారు. మెట్ల దగ్గర ఆగిపోయి నా వైపు చూసింది. ఎత్తుకుంటే నా నడుం విరిగినంత పనయింది. పిల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా రెండు చేతుల్లో ఇమిడేదని నాన్నే ఆ పేరు పెట్టాడు. ఇప్పుడది బుడంకాయ కాదు, గుమ్మడికాయ.

కుక్కల డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

"రోజుకి ఎన్నిసార్లు పెడతారమ్మా?"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

ఆయన బల్ల మీద పడుకున్న దాని పొట్ట వైపు చూశాడు. "రెండుపూటలా తిని పెరిగిన పొట్ట కాదిది. లోపల పాంక్రియాస్ గ్రంథి వాచిపోయింది. వెన్న, కొవ్వు పట్టిన ముక్కలు, అడిగినప్పుడల్లా పెడితే ఇలాగే అవుతుంది. ఈసారికి గట్టెక్కింది. ఇంకోసారి వస్తే మాత్రం నేను మాట ఇవ్వలేను. కార్డు మీద ఓనరని ఉన్నది మీ పేరే కదా?"

నాదేనన్నాను.

ఇంట్లో దాన్ని దుప్పటి మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి నాన్న వంటగదిలో నిలబడి రొట్టెముక్కకి వెన్న రాస్తున్నాడు. అంచులదాకా, ఎక్కడా ఖాళీ వదలకుండా. లిఫ్టు మెకానిక్‌గా ఉన్న రోజుల్లో గ్రీజు కూడా ఇలాగే రాసేవాడేమో.

"ఎవరికి నాన్నా?"

"దానికే. పాపం, పొద్దుటినుంచీ ఎవరూ ఏమీ పెట్టలేదు."

జూన్ 5

అలమరకి తాళం. ఫ్రిజ్‌కీ తాళం. చూసినవాళ్ళు మేం బంగారం ఫ్రిజ్‌లో దాచుకుంటామనుకుంటారు.

ఏం లాభం? మధ్యాహ్నం నాన్న తన కంచంలోది సగం జేబులో వేసుకుని లేచాడట. నేను షాపులో ఉన్నంతసేపూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండే ఆయమ్మ చెప్పింది.

"గిన్నె దించడానికి అటు తిరిగానమ్మా. ఇటు తిరిగేలోపు అయిపోయింది. వద్దంటే, నీ సొమ్మేం పోయిందే అంటారు."

నెల కిందట గోడకి చీటీ కూడా అంటించాను, ‘కుక్కకి పెట్టేశాం’ అని. నాన్న కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "ఇది నిన్నటిది" అని వెళ్ళి డబ్బా మూత తీశాడు. తెలివికేం తక్కువ లేదు మహానుభావుడికి. పెట్టానన్న సంగతే నిలవదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్యక్కా. నాన్నని చూసుకోవడమే నీకు తలకి మించిన పని. దానికి తోడు కుక్కా? గోరుచుట్టు మీద రోకటిపోటు."

"అయితే నువ్వు తీసుకుపో."

"మా ఆవిడకి పడదు."

"అయితే నోరు మూసుకో."

పెట్టేశాడు. రేపు మళ్ళీ చేస్తాడు. వాడికి కోపం నిలవదు, అదొక్కటే వాడిలో మంచి గుణం.

ఇచ్చెయ్యడం ఎలా కుదురుతుంది? అది ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ నాన్న మంచాల కింద, బీరువా వెనక వెతుకుతూనే ఉన్నాడు. రెండోరోజు తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. బస్టాపులో దొరికాడు, వచ్చేపోయేవాళ్ళని "మా బుడంకాయని చూశారా?" అని అడుగుతూ. ఎవరో ఆవిడ పాపం కూరగాయల మార్కెట్టుకి దారి చెప్పిందట.

నన్ను చూసి ఒక్కో పొద్దున "ఏం కావాలమ్మా?" అంటాడు. అమ్మ ఏదని అడుగుతాడు. పోయిందని చెప్పకుండా ఊరెళ్ళిందంటాను, అదే సుఖం. బుడంకాయ పేరు మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా తడబడలేదు. దాన్ని గదిలో పెట్టి తలుపేసినా అంతే, తలుపు బయట కూర్చుని గోళ్ళతో గీకుతాడు. లోపల అదీ గీకుతుంది.

జూన్ 8, శనివారం

ట్రైనరు వచ్చాడు. కుక్కల డాక్టరే పంపించాడు. మెడలో ఈల, నడుముకి చిన్న సంచీ, ప్రతి మాటకీ ముందు "సింపుల్ మేడమ్." ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

"కుక్కతోక వంకర అంటారు. నిజంగా నేర్చుకుంటుందా?" అని అడిగాను.

"తోక జోలికి నేను పోను మేడమ్. నోటి సంగతి మాత్రం చూసుకుంటాను."

అతను చెప్పింది ఇది. ఎవరైనా విషం కలిపి పడేస్తారేమోనని భయపడేవాళ్ళు తమ కుక్కలకి నేర్పించుకునే పద్ధతి ఒకటుంది. ఓనరు చేత్తో తప్ప ఇంకెవరు పెట్టినా ముట్టుకోదు. మూడు వారాలు ఓపిక పట్టాలి. కొట్టకూడదు, తిట్టకూడదు. ఒకే మాట ఒకేలా చెబుతూ పోవాలి.

"ఎవరెవరి చేతులు వద్దు మేడమ్?"

"నాది తప్ప అందరివీ."

"పెద్దాయనది కూడానా?"

"ఆయనదే ముఖ్యం."

కాసేపు ఈల దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. "ఆయనకి చెప్పారా?"

"చెబితే గుర్తుండేట్టయితే ఇంత తతంగం ఎందుకయ్యా?"

సరేనన్నాడు. నాన్నకి చెప్పడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. చెప్పినకొద్దీ కాసేపు బాధపడతాడు, తర్వాత మర్చిపోతాడు. ఊరికే బాధపెట్టడం దేనికి?

జూన్ 10

పద్ధతి తేలిగ్గానే ఉంది. ట్రైనరు అరచేతిలో ఉడికించిన ముక్క పెట్టుకుని చాపుతాడు. బుడంకాయ ముక్కు చాపగానే నేను "వద్దు" అంటాను. అతను గుప్పిట మూసేస్తాడు. అది నాకుతుంది, కాలితో గీకుతుంది, కుయ్యిమంటుంది. మేమిద్దరం రాళ్ళలా కూర్చుంటాం. ఎప్పటికో విసుగెత్తి తల తిప్పి నా వైపు చూస్తుంది. చూసిన మరుక్షణం "శభాష్" అని నా చేతిలోని కుక్కతిండి గింజ పెట్టాలి. ఆలస్యమైతే పనికిరాదు.

షాపులో రోజంతా కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి వచ్చి, మళ్ళీ ఇంట్లో ఇది. షాపు వెనకగదిలో మెషీను ముందు కూర్చున్నా నోట్లో "వద్దు, వద్దు" అని ఆడుతోంది. పక్కన ఫ్రేములు బిగించే అమ్మాయి అడిగింది, ఎవరినక్కా వద్దంటున్నావు అని.

జూన్ 11

లాభం లేదు. ఆయమ్మ చేతిలోంచి లాక్కుని మింగేసింది.

జూన్ 12

ఒక్కసారి నా వైపు చూసింది. ఒక్కసారే.

జూన్ 14

ఆయమ్మ చేతిది వదిలేసింది. వాచ్‌మన్ చేతిది వదిలేసింది. తమ్ముడొచ్చి కేకుముక్క చూపిస్తే తల అటు తిప్పుకుని కూర్చుంది. "నన్ను చూసి కుక్కలు కూడా మొహం తిప్పుకునే రోజులొచ్చాయి" అన్నాడు వాడు. చాలాకాలం తర్వాత ఇంట్లో అందరం నవ్వాం. నాన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు.

జూన్ 16, ఆదివారం

ఇవాళ్టి నుంచి నాన్న చెయ్యి.

"ఈ చెయ్యే కష్టం మేడమ్" అన్నాడు ట్రైనరు. "పుట్టినప్పటినుంచీ తిన్న చెయ్యి. ఆయనే స్వయంగా కూర్చోవాలి. వేరేవాళ్ళ చేత్తో ఎన్నిసార్లు చేసినా ఈయన దగ్గరికొచ్చేసరికి మొదటికొస్తుంది."

కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ముక్క చేతికిచ్చాం.

"ఏంటమ్మా ఇది?"

"ఆట నాన్నా. దీనికి ఓర్పు నేర్పుతున్నాం. అది దగ్గరికి రాగానే గుప్పిట మూసెయ్యి."

"ఓస్, అంతేనా!"

ఎంత బాగా మూశాడో. నలభై ఏళ్ళు స్పానర్లు పట్టిన గుప్పిట. అది నాకుతుంటే చక్కిలిగింతలు పుట్టి నవ్వాడు, కానీ వేళ్ళు విప్పలేదు. "నాతోనా నీ ఆటలు? ఊఁ, చూద్దాం ఎవరు గెలుస్తారో!" ప్రతిసారీ ఆట మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. ప్రతిసారీ అంతే ఉత్సాహంగా చేశాడు.

ట్రైనరు వెళ్తూ, "ఇంత ఓపికైన పెద్దాయన నాకింతవరకూ దొరకలేదు మేడమ్" అన్నాడు.

జూన్ 18

మళ్ళీ అదే. నాన్న గెలుస్తున్నాడు.

జూన్ 20

వదిలేసింది. నాన్న చెయ్యి తెరిచే ఉంది, ముక్క కనబడుతూనే ఉంది. నేనేమీ అనలేదు కూడా. అది ముక్కు చాపి, ఆగి, వెనక్కి జరిగి నా వైపు చూసింది.

ట్రైనరు చప్పట్లు కొట్టాడు. అది చూసి నాన్న కూడా చప్పట్లు కొట్టాడు. "భలే నేర్చుకుందే! ఎవరు నేర్పారు?" అన్నాడు.

సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

జూన్ 22, శనివారం

కుక్కల డాక్టరు రక్తపరీక్ష చూసి తల ఊపాడు. బరువు తగ్గింది, వాపు లేదు. "బాధ్యతగల ఓనరంటే ఇలా ఉండాలమ్మా. అందరూ ముద్దు చేసి చంపుకుంటారు" అన్నాడు. మాట పోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. నన్ను పొగిడేవాళ్ళు తక్కువ.

జూన్ 23

నాన్న రొట్టె పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అది లేచి వెళ్ళి తలుపు దగ్గర పడుకుంది.

"దీనికి నా మీద కోపమొచ్చినట్టుంది" అన్నాడు.

"కడుపు బాగోలేదు నాన్నా. అంతే."

"నేనేమైనా కొట్టానా?"

"లేదు నాన్నా."

రొట్టె నా చేతికిచ్చి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. పది నిమిషాల్లో మర్చిపోయాడు.

జూన్ 24

"దీనికి నా మీద కోపమా?" కడుపు బాగోలేదన్నాను.

జూన్ 25

అదే.

జూన్ 26

మర్చిపోతాడు. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. నిలవని బాధ కూడా ఒక బాధేనా? కుక్క బతికింది. అది కదా కావలసింది. నేను చెయ్యవలసింది చేశాను.

జూన్ 27

ఆయమ్మ ఇంటికెళ్ళకుండా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఏదో చెప్పాలని ఉన్నప్పుడే అలా నిలబడుతుంది. ఏంటన్నాను.

"మీరు సాయంత్రం వస్తారమ్మా. ఒకటో రెండో చూస్తారు. నేను పొద్దుటినుంచీ చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు?"

"పెద్దాయన పెడతారు. అది మొహం తిప్పుకుని వెళ్ళి మీరొచ్చే తలుపు దగ్గర కూర్చుంటుంది. ‘నేనేం చేశాను దీన్ని?’ అని నన్నడుగుతారు. ఏం లేదంటాను. మర్చిపోతారు. మళ్ళీ పెడతారు. ఆయనకి ప్రతిసారీ అదే మొదటిసారి కదమ్మా. మీకూ నాకూ అయితే అలవాటైపోయేది. ఆయనకి అలవాటు కూడా కాదు." ఆగింది. "ఇవాళ దాని ముందు నేల మీద కూర్చుని, ‘ఏం చేశానో గుర్తు లేదురా, తప్పయిపోయింది, ఇంక చెయ్యను’ అన్నారు. నేను చూడలేకపోయాను."

"నాకు నేర్పొద్దు ఆయమ్మా" అన్నాను. "నీకేం తెలుసు? అది చచ్చిపోతే ఆయన్ని నువ్వు ఓదారుస్తావా?"

ఆవిడ సంచీ అందుకుంది. వెళ్ళిపోయింది. చెప్పాల్సింది చెప్పేసి నోరు మూసుకునేవాళ్ళని నేను భరించలేను.

జూన్ 29

ఇవాళ షాపులో ఒకాయన కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించాను. నేలంతా ఏటవాలుగా కనబడుతోందని గుమ్మంలోనే పట్టుకుని నిలబడ్డాడు. షాపు ఓనరు నన్నేమీ తిట్టలేదు. "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగాడు. బాగేనన్నాను.

జూలై 1

నాన్న సరిగా తినడం లేదు.

జూలై 2

కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి అలా ఉంచేశాడు. ఏమైందంటే "ఏమో" అన్నాడు. నిజంగానే ఆయనకి తెలియదు. సంగతి పోతోంది గానీ దిగులు పోవడం లేదు. దేనికో తెలియని దిగులు పెట్టుకుని రోజంతా తిరుగుతున్నాడు. ఇప్పుడు రొట్టె కూడా తీసుకెళ్ళడం లేదు. బుడంకాయ ఏ గదిలో ఉంటే నాన్న రెండో గదిలో ఉంటున్నాడు. అది దగ్గరికొచ్చి తోక ఊపినా చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు. అది కేవలం తిండే వద్దంది, ఆయన్ని కాదు. ఆ తేడా నాన్నకి ఎవరు చెప్పారు గనక?

సాయంత్రం చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎక్కడికి నాన్నా?"

"మా ఇంటికి. ఇక్కడ అది నన్ను గుర్తుపట్టడం లేదమ్మా."

చెప్పులు విప్పించి లోపలికి తీసుకొచ్చాను. అన్నం తినలేదు. నేనూ తినలేదు.

జూలై 4

ట్రైనరుకి ఫోన్ చేశాను. నేర్పింది మరిపించమన్నాను.

"అదేంటి మేడమ్, అంత కష్టపడ్డాం కదా! నేర్పడం సింపుల్. మరిపించడమే కష్టం. మరిపించాక పెద్దాయన మళ్ళీ మొదలెడితే?"

ఏడ్చానేమో, తెలియదు. అవతలినుంచి నెమ్మదిగా చెప్పాడు. మరిపించొద్దు. కొత్త మాట ఒకటి కలుపుదాం. మీరు "తిను" అంటేనే ఆయన చేతిది తినాలి. దాని రోజు తిండంతా కొలిచి ఒక డబ్బాలో పోయండి. గిన్నెలో అసలు పెట్టకండి. మొత్తం ఆయన చేత్తోనే, గింజ గింజగా, ఎన్నిసార్లయినా. డబ్బా అయిపోతే ఆ రోజుకి అంతే. మీరు లేనప్పుడు ఆయమ్మ ఆ మాట అనేట్టు నేర్పుదాం.

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? ఆయన చెయ్యి అడ్డం తొలగించడమే తట్టింది.

"మేడమ్, ఇంకొకటి. ఈసారైనా నాన్నగారికి చెప్పారా?"

పెట్టేశాను.

జూలై 7, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

పొద్దున డబ్బా నింపి నాన్నని కుర్చీలో కూర్చోబెట్టాను. నాలుగు గింజలు అరచేతిలో పోశాను. పెట్టనన్నాడు మొదట. "నా దగ్గర తినదమ్మా" అన్నాడు. ఎందుకు తినదో మర్చిపోయాడు, తినదన్నది మాత్రం మిగిలిపోయింది. చెయ్యి పట్టుకుని చాపించాను.

బుడంకాయ వచ్చింది. చొంగ కారుతోంది. ముక్కు చాపింది, ఆగింది, వెనక్కి జరిగి నా వైపు చూసింది. "తిను" అన్నాను. కదల్లేదు. "తినవే" అన్నాను. ఒళ్ళంతా వణికింది గానీ ఆ చేతి దగ్గరికి రాలేదు. ఎంత మంచి కుక్కో. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది.

నాన్న గుప్పిట మూసేశాడు. "వద్దులే. దాన్ని బలవంతపెట్టకు, భయపడుతోంది." కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "అది ఊరికే నీ వంక చూస్తుందేం?"

నేను డబ్బాకి మూత పెట్టాను.

"నువ్వు వద్దన్నావా?"

కడుపు బాగోలేదనే మాట నాలుక చివర ఉంది. రోజూ ఆడినదే. కానీ ఆ చూపు పొద్దున "ఏం కావాలమ్మా" అనే మనిషిది కాదు. చిన్నప్పుడు నేను గ్లాసు పగలగొట్టి దాచినప్పుడు చూసిన చూపు.

"అవును నాన్నా. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

చెప్పాను. లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే అడిగేవాడు చూడు, అలా వరసగా అడిగాడు.

"నేనెన్నిసార్లు పెట్టేవాణ్ణి?"

"లెక్కలేదు నాన్నా."

"వెన్నా?"

"వెన్న కూడా."

"డాక్టరేమన్నాడు?"

"ఇంకోసారి అలా జరిగితే బతకదన్నాడు."

నాన్న గింజలు పట్టుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంటే నేనే చంపేవాణ్ణా?"

"నీకు తెలియక నాన్నా" అన్నాను.

"మరి నాకు చెప్పొచ్చుగా. చెబితే పెట్టేవాణ్ణి కాదుగా."

"చెబితే మర్చిపోతావని..."

"దానికి ఎన్నిసార్లు చెప్పావు?"

"దేనికి?"

"దానికే, బుడంకాయకి. వద్దు అని."

"వందసార్లు. ఇంకా ఎక్కువే."

"కుక్కకి వందసార్లు చెప్పావు. నాకు ఒక్కసారి చెప్పలేకపోయావా అమ్మా?"

కోపంగా అనలేదు. అడిగాడంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మర్చిపోతాడని చెప్పకపోవడం కాదు. ప్రతిసారీ ఆ మొహం చూడలేక చెప్పలేదు. ఆ కష్టం నేను పడలేక ఆయన మీదకి తోసేశాను.

"మర్చిపోతే మళ్ళీ చెప్పు" అన్నాడు నాన్న. "విసుక్కోకుండా చెప్పు. ఇంకేమైనా ఉన్నాయా, నాకు చెప్పనివి?"

లేవన్నాను.

జూలై 7, మళ్ళీ

గంట తిరక్కుండా రొట్టెముక్క పట్టుకుని వచ్చాడు. తాళం ఎలా తీశాడో, మెకానిక్ బుద్ధి. "పాపం, పొద్దుటినుంచీ..."

కూర్చోబెట్టి చెప్పాను. మొహం పొద్దున ఎలా పడిపోయిందో అలాగే పడిపోయింది. "నేనే చంపేవాణ్ణా?" అని అదే గొంతుతో అడిగాడు. నిజం కూడా ఆయనకి ప్రతిసారీ కొత్తగానే తగులుతుంది. కానీ ఒక తేడా చూశాను. చెప్పిన తర్వాత రొట్టె తనే బల్ల మీద పెట్టేసి, వెళ్ళి దాని పక్కన కూర్చుని వీపు నిమిరాడు. అది ఆయన ఒళ్ళో తల పెట్టింది. ఇన్నాళ్ళూ దానికి దూరంగా వెళ్ళేవాడు.

రాత్రి కంచం ఖాళీ చేశాడు.

జూలై 9

ఆయమ్మకి క్షమించమని చెప్పాను. "పోనీలెండమ్మా, మీ నోరు నాకు కొత్తా?" అంది. ఆవిడా చెబుతోంది నాన్నకి. నాకంటే బాగా చెబుతోందట, తనే అంది. "నేనే చంపేవాణ్ణా అంటారు. చంపలేదుగా, అదిగో తోక ఊపుతోంది చూడండి, అంటాను. అవునే అని నవ్వుతారు."

ఆ సమాధానం నాకు రాలేదు.

జూలై 10

చెప్పాను. ట్రైనరు వచ్చాడు. గింజని నాన్న అరచేతిలో పెట్టి, ఆయన చెయ్యి కింద నా చెయ్యి పెట్టించాడు. బుడంకాయ వాసన చూసి వెళ్ళిపోయింది.

జూలై 11

విసుక్కున్నాను. "ఇప్పుడేగా చెప్పాను!" అని అరిచాను. నాన్న బిత్తరపోయాడు. కుక్క మీద ఈ నెల రోజుల్లో ఒక్కసారి కూడా అరవలేదు నేను.

తర్వాత చెప్పాను.

జూలై 12

చెప్పాను.

జూలై 14, ఆదివారం

తిన్నది.

నా చెయ్యి నాన్న చెయ్యి కింద లేదు. పక్కన నిలబడి "తిను" అన్నాను, అంతే. అది నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మెడ చాపి పెదాలతోనే ఒక్క గింజ తీసుకుంది. నమిలి, ఏమైనా అంటానేమోనని మళ్ళీ నా వైపు చూసింది. శభాష్ అన్నాను. ఇంక ఆగలేదు. నాన్న అరచేతిని తడి తడిగా నాకేసింది.

"నెమ్మదిగా, నెమ్మదిగా. ఎవరూ లాక్కోరు" అన్నాడు నాన్న, డబ్బాలోంచి ఇంకో నాలుగు తీసుకుంటూ.

నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. నాన్న తలెత్తి చూశాడు.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నావు? అది ఎప్పుడూ నా చేత్తోనేగా తినేది!"

కంట్లో నలక పడిందనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాన్న పక్కన నేల మీద కూర్చుని, మొదటినుంచీ చెప్పాను.